ఏం చేస్తున్నవో చెప్పాలె

మందమర్రిలో పాత రైస్‌మిల్లు గోడౌను ఒకటుంది. ఇప్పుడు దాన్ని అందరూ షెడ్డు అంటారు. గనుల్లో పనిచేసి రిటైరై దిగిపోయిన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు కొందరు కలిసి దాన్ని అద్దెకు తీసుకున్నారు. ఒకరు వెల్డింగు మిషను పెట్టారు, ఇంకొకరు లేతు పెట్టారు. డ్రిల్లు, రంపాలు, రెండు కుట్టుమిషన్లు ఎవరెవరో తెచ్చి ఇచ్చారు. ఇంట్లో పనిముట్టు లేనివాళ్లు నెలకింత చందా కట్టి సభ్యులైతే చాలు, తమకు కావలసింది అక్కడికొచ్చి తామే చేసుకుపోవచ్చు. చేతకానివాళ్లకు చేతనైనవాళ్లు నేర్పుతారు.

కొత్తగా చేరినవాళ్లకు నియమాలు చెప్పే పని శంకరవ్వది. యాభై దాటిన మనిషి. చీర మీద మగవాళ్ల ఖాకీ అంగీ తొడుక్కుని, కొంగు లోపలికి దోపి, వెంట్రుకలు బిగించి ముడి వేసుకుంటుంది. కొత్తవాళ్లు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఒక్కతీరుగానే ఉంటాయి. చెప్పులేసుకుని పనిచెయ్యొచ్చా అంటారు. "చెయ్యొచ్చు. పోయేటప్పుడు కాలివేళ్లు లెక్కవెట్టుకొని పో" అంటుంది. డ్రిల్లు మిషను ఆదివారం ఇంటికి తీసుకుపోతామంటారు. "షెడ్డును గూడ ఎత్తుకపో" అంటుంది. నా చందా మీద మా బావమరిది పని చేసుకోవచ్చా అని ఒకడు అడిగితే, "మీ బామ్మర్ది చెయ్యి తెగితె నీ చెయ్యి ఇస్తవా?" అంది. వాడు మర్నాడే బావమరిదిని తీసుకొచ్చి వేరే చందా కట్టించాడు.

ఆమె చెప్పే నియమాల్లో ఒకటి మాత్రం షెడ్డు పెట్టిన కొత్తలో లేదు. అది శంకరవ్వ వల్ల వచ్చింది. ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆమె సంగతి కొంచెం వెనకనుంచి చెప్పుకురావాలి.

శంకరవ్వ పుట్టింది చెన్నూరులో, నేతపని ఇంట్లో. ఆమెకు ఊహ తెలిసేనాటికి ఇంట్లో మగ్గం ఆగిపోయింది. బాపు మగ్గం గుంటను మట్టితో పూడ్చి, దాని మీద మంచం వేసుకున్నాడు. కొన్నేండ్లు బొంబాయి దగ్గరి భివండీ పోయి మరమగ్గాల మీద పనిచేసి, దగ్గు పట్టుకుని తిరిగొచ్చాడు. కూతుర్ని మాత్రం నేతింటికి ఇవ్వనని పట్టుబట్టి, మందమర్రిలో బొగ్గు లారీల మీద టార్పాలిన్ పట్టాలు కట్టే పర్శరాములుకు ఇచ్చి చేశాడు.

పర్శరాములు నెమ్మదస్తుడు. వాడకట్టులో ఎవరింట్లో ఏది చెడిపోయినా ముందేసుకుని కూర్చునేవాడు. ఫ్యాన్లు, రేడియోలు, ఇస్త్రీపెట్టెలు. అతని చేతిలో సగం బాగయ్యేవి, సగం ఇంకా చెడిపోయేవి. అయినా జనం తెచ్చి ఇస్తూనే ఉండేవాళ్లు. ఎందుకంటే అడిగినవాడిని అతను ఉత్త చేతులతో పంపేవాడు కాదు. శంకరవ్వ తిడుతూనే పక్కన దీపం పట్టుకుని నిలబడేది. వాళ్లకు ఒక్కతే కూతురు, నవీన.

నవీన బడికి పోయే వయసులో ఉండగా, వానకాలం పోయి చలి మొదలయ్యే రోజుల్లో, పర్శరాములు చెల్లెల్ని చూడటానికి గోదావరి వైపు ఒక పల్లెకు పోయాడు. మర్నాడు డ్యూటీ ఉంది. మొదటి బస్సు అందుకుందామని చీకటి ఉండగానే లేచి, రోడ్డు మీదైతే చుట్టు అవుతుందని ఒక మక్కచేను గట్టు మీదుగా అడ్డంగా నడిచాడు. అడవిపందులు పడకుండా ఆ చేను చుట్టూ కట్టిన కరెంటు తీగ గడ్డిలో కనిపించలేదు. తెల్లవారి కలుపు తీయడానికొచ్చిన ఆడవాళ్లు ప్రాణం పోయి పడి ఉన్న అతన్ని చూశారు.

ఆ చేను కౌలుకు చేసేవాడు హనుమండ్లు. పారిపోలేదు. తనే పోయి పోలీసుల ముందు కూర్చున్నాడు. జామీను మీద బయటికొచ్చినాక శంకరవ్వ ఇంటికి వచ్చి, లోపలికి రాకుండా వాకిట్లో నిలబడ్డాడు.

"అక్కా, రోజు పొద్దుపొడవక ముందే బంద్ చేస్త. గా రోజు జరమొచ్చింది. గోలి ఏస్కున్న. నిద్ర పట్టింది" అన్నాడు.

వాడు చాలాసేపు నిలబడి వెళ్లిపోయాడు. వాడు దుర్మార్గుడై ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేదేమో. శపించడానికి ఒక మొఖం దొరికేది. వాడి మొఖంలో ఆమెకు జ్వరంతో పడుకున్న మనిషే కనిపించాడు. తర్వాత పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. పర్శరాములు తమ్ముడు పెట్టమన్న చోట ఆమె సంతకం పెట్టింది. ఆడబిడ్డ ఊరికి మాత్రం మళ్లీ పోలేదు.

జాకెట్లు కుట్టి నవీనను చదివించింది. షెడ్డు తెరిచిన కొత్తలో పెద్ద కుట్టుమిషను ఉందని విని, లారీలకు పట్టాలు కుట్టుకోవడానికి వచ్చి సభ్యురాలైంది. అక్కడి పెద్ద శ్యాంసుందర్. గనుల వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి దిగినవాడు. ఒకరోజు ఆయన వెల్డింగు చేస్తుంటే ఆ నీలం వెలుగు చూసి, చిటపట విని శంకరవ్వ బయటికి పోయి గోడ పక్కన వాంతి చేసుకుంది. ఎందుకో ఆయనకు తెలుసు. అందరికీ తెలుసు.

మర్నాడు ఆమె తనే వచ్చి అడిగింది. "సార్, నాకు గది నేర్పుండ్రి."

"భయమైతున్నది గద శంకరవ్వా, ఎందుకు?"

"భయమైతున్నదనే నేర్చుకుంట. మా ఇంట్ల మనిషిని ఎత్తుకపోయింది అసలు ఏందో తెల్సుకుంట."

నేర్చుకుంది. గేట్లు, కిటికీలు, నీళ్ల డ్రమ్ముల స్టాండ్లు అతికే దాకా వచ్చింది. అన్నిటికంటే ముందు వచ్చి షెడ్డు తెరిచేదీ, అన్ని స్విచ్చులూ చూసి మూసేదీ ఆమే కనుక, కొత్తవాళ్లకు చెప్పే పని కూడా మెల్లగా ఆమె మీదికే వచ్చింది. నవీన నర్సు చదువు పూర్తిచేసి కరీంనగర్‌లో ఉద్యోగంలో చేరింది. నాలుగు రోజులకోసారి ఫోను చేస్తుంది.

అలా నడుస్తుండగా వంశీధర్‌రావు వచ్చాడు.

చెన్నూరు అవతల, గోదావరి వైపు ఊరు ఆయనది. తాతల కాలంలో ఆ ఊళ్లో సగం భూమి వాళ్లదేనంటారు. ఇప్పుడు మిగిలిన చెలక, కొంత పొలం తనే చేయించుకుంటాడు. మాట నెమ్మది. షెడ్డులో ఆయనంత పద్ధతిగా ఉన్నవాళ్లు తక్కువ. బూట్లు వేసుకుని వచ్చేవాడు, అద్దాలు పెట్టుకునేవాడు, పని అయ్యాక చీపురు తనే పట్టేవాడు. ఇనుప చువ్వలు మోకాలెత్తుకు కోసి, ఒక్కోదానికి పైన కొక్కెం అతికించుకోవాలన్నాడు. చువ్వలు తను కోసేవాడు, కొక్కేలు శంకరవ్వ అతికేది. బీరతీగకో కాకరతీగకో పొట్టి పందిరనుకుంది. ఎవరు ఏం చేసుకుంటున్నారని అడిగే అలవాటు షెడ్డులో లేదు. మొదటి మోపు ట్రాలీ ఆటోలో ఎక్కించి తీసుకుపోయాడు.

రెండో మోపుకు వచ్చినప్పుడు ఒక సంచిలో నల్లటి ప్లాస్టిక్ పైపు ముక్కలు తెచ్చాడు. కొక్కెంలో పైపు ముక్క పడుతుందా లేదా అని పెట్టి చూస్తున్నాడు. శంకరవ్వ ఒక చువ్వ తీసుకుని నేల మీద నిలబెట్టింది. కొక్కెం తన మోకాలి దగ్గరికి వచ్చింది. కరెంటు తీగ ఇనుముకు తగలకుండా అలాంటి పైపే తొడుగుతారని ఆమె షెడ్డులోనే నేర్చుకుంది.

"సార్, ఇవి పందిరికి కావా?"

"పందిరేంది?" అని ఆయన నవ్వాడు. "పందులకు. మక్కచేన్ల పడి ఆగమాగం జేస్తున్నయ్. ఇగ తీగ గుంజుడే."

"ఏం తీగ?"

"ఇంకేం తీగ, కరెంటుదే."

శంకరవ్వ పోయి మెయిన్ స్విచ్చి దించేసింది. లేతు మూలుగు మెల్లగా తగ్గి ఆగిపోయింది. అటు పనిచేసుకుంటున్నవాళ్లు తలలెత్తారు.

"కరెంటు పోయిందా?" అన్నాడు వంశీధర్‌రావు.

"పోలే. నేనే బంద్ చేసిన. ఇవి నేను అతుక సార్. ఈ షెడ్డుల మీరు గూడ చెయ్యద్దు."

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొఖం ఎర్రబడింది. "ఏ రూల్ల ఉన్నది శంకరవ్వా? చేరిన నాడు అన్ని రూల్స్ నువ్వే జెప్పినవ్. ఒక్కటి తప్పలే నేను. గీ ముచ్చట చెప్పినవా?"

చెప్పలేదు. అలాంటి నియమం లేదు.

"నా ఇనుము, నా చేను. మీ మిషను వాడుకున్నందుకు చందా కడుతున్న. బయట ఏ వెల్డింగు షాపుకు పోయినా గంటల చేసిస్తడు."

"పోండ్రి సార్. ఆపెటందుకు నేనెవల్ని. నా చేతుల మీద మాత్రం కాదు."

ఆయన చువ్వలు అక్కడే పడేసి వెళ్లి శ్యాంసుందర్‌తో చెప్పాడు. ఆదివారం అందరూ కూర్చున్నారు. మాట తేలికగా తెగలేదు. శంకరవ్వ మీద అందరికీ గౌరవమే, ఆమెకు జరిగింది అందరికీ తెలుసు. అయినా లేతు పెట్టిన ఆయన అన్నాడు: "మనం పనిముట్లిస్తం. మనిషి మనసును తూకమేస్తమా? కొడవలికి పిడి వెయ్యమంటె గడ్డి కోస్తవా, మెడ కోస్తవా అని అడుగుతమా? గట్ల అడుగుడు మొదలువెడ్తె ఎవ్వడు రాడు."

ఇంకొకరు, రైతు గోస కూడా చూడాలన్నారు. పంటంతా పంది తింటే ఆ రైతు ఏం కావాలి అన్నారు. అదీ నిజమే.

అప్పుడు శంకరవ్వ అంది: "హనుమండ్లు తీగకు కట్టెలు పాతిండు. ఆ కట్టెలు ఎవలు చెక్కిన్రో నాకు తెల్వదు. ఎవలో ఒకలు చెక్కే ఉంటరు. ఎందుకని హనుమండ్లును ఎవ్వలు అడగలే, ఆయన ఎవ్వలకు చెప్పలే. అడిగితె చెప్పకపోవునా? సారు గూడ అబద్ధం చెప్పలే, నేను అడిగిన ఎంటనే చెప్పిండు. మనకు అడుగుడు రాదు, గంతే."

చివరకు శ్యాంసుందర్ తేల్చాడు. ఇకమీదట పని మొదలుపెట్టే ముందు ప్రతి సభ్యుడూ తను ఏం చేస్తున్నాడో, అది ఎక్కడికి పోతుందో చెప్పాలి. ప్రాణం తీసేది ఇక్కడ చేయకూడదు. లేతు ఆయన అలిగి తన మిషను తీసుకుపోతానన్నాడు. వారం తర్వాత చూస్తే దానికి తనే నూనె వేస్తూ కనిపించాడు.

నియమం వచ్చింది గానీ శంకరవ్వ మనసు కుదుటపడలేదు. మొదటి మోపు అప్పటికే చేనుకు చేరింది. ఆ కొక్కేలు తను అతికినవి. ఆ రాత్రి కూతురు ఫోను చేసినప్పుడు చెప్పింది.

"అవ్వా, నువ్వు గా దిక్కు పోయి ఎన్నేండ్లాయె. ఇప్పుడెందుకు?" అంది నవీన.

"చూసొస్త బిడ్డా."

"పోయి ఏం జెప్తవు?"

"ఏమో. పోయినంక చూస్త."

బస్సులో చెన్నూరు దాకా, అక్కడినుంచి ఆటోలో ఊరిదాకా పోయింది. దారిలో ఆడబిడ్డ ఊరి రోడ్డు వచ్చినప్పుడు తల తిప్పుకోలేదు. చూసింది. మలుపు దగ్గర కొత్తగా పెట్రోలు బంకు పెట్టారు.

వంశీధర్‌రావు భార్య సరళాదేవి వాకిలి ఊడిపిస్తూ ఉంది. ఎవరో ఏమో అనుకుని లోపలికి పిలిచి, నీళ్లిచ్చి కుర్చీ వేసింది. వరండాలో ఒక మూల తీగ చుట్ట ఉంది. శంకరవ్వ కళ్లు దాని మీదే ఉన్నాయి. వంశీధర్‌రావు బయటికి వచ్చి, ఆమెను చూసి కాసేపు ఆగాడు. తిట్టలేదు. "రా. ముందుగాల చేను చూద్దువుగాని" అన్నాడు.

ముగ్గురూ పోయారు. నిజంగానే చేను చేనులా లేదు. పాలకంకి పట్టిన మొక్కలు వరసలకు వరసలే విరిగి పడి ఉన్నాయి. కంకులు సగం కొరికి పారేసి ఉన్నాయి. మధ్యలో పందులు పొర్లిన చోట నేల నున్నగా అయింది. చేను అంచున చువ్వలు అప్పటికే పాతి ఉన్నాయి, తీగ ఇంకా కట్టలేదు. శంకరవ్వ విరిగిన కంకి ఒకటి తీసి, పొట్టు ఒలిచి చూసి, కింద పెట్టింది.

"నష్టం అబద్ధం కాదు సార్" అంది.

"మరి నన్నేం జెయ్యమంటవు? ఫారెస్టోళ్లకు దరఖాస్తు ఇచ్చిన. పైసలు ఎప్పుడొస్తయో, ఎంతొస్తయో. అప్పటిదాంక పందులు ఆగుతయా?"

"నాకు తెల్వదు సార్."

"స్విచ్చి నా మంచం పక్కనే పెట్టుకుంట. పొద్దుపొడవక ముందే నేనే లేసి బంద్ చేస్త. నౌకరు మీద గూడ వదల. సరేనా?"

"ఆయన గూడ గట్లనే అనుకున్నడు."

"ఎవరు?"

"హనుమండ్లు అని. మా ఆయన పాణం పోయింది ఆయన చేన్లనే. మంచోడే సార్. రోజు లేసి బంద్ చేసెటోడట. ఒక్క రోజు జరమొచ్చి నిద్ర పట్టింది."

వంశీధర్‌రావు ఆమె వైపు చూడలేదు. చేను వైపు చూస్తూ నిలబడ్డాడు. అప్పటిదాకా మాట్లాడని సరళాదేవి అంది: "కలుపుకొచ్చే ఆడోళ్లు చీకటుండంగనే వస్తరు. పిల్లలను గూడ ఎంటవెట్టుకొని వస్తరు ఒక్కోపారి. తీగ ఉన్నది పైలమని వాళ్లకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

"ఇద్దరు గూడి నన్ను పంచాయితిల నిలవెట్టిన్రు" అని ఆయన విసురుగా చేను లోపలికి నడిచిపోయాడు. మొక్కల చప్పుడు దూరమైపోయింది. ఎంతకూ తిరిగి రాలేదు. సరళాదేవి పెట్టిన అన్నం తిని శంకరవ్వ సాయంత్రం బస్సుకు తిరిగొచ్చింది. ఆయన సరే అనలేదు, కాదనీ అనలేదు.

తర్వాతి రోజులు ఆమెకు బరువుగా గడిచాయి. చదవడం కూడబలుక్కునే వచ్చినా, పొద్దున్నే చాయ్ హోటల్లో పేపరు అడిగి తీసుకుని జిల్లా పేజీ వేలు పెట్టి చూసేది. ఊరి పేరు లేదని తేలాకే షెడ్డు తాళం తీసేది.

ఒక మధ్యాహ్నం సరళాదేవి ఫోను చేసింది. "చీరెలు కావాలె శంకరవ్వా. పాతయి, రంగు కొట్టొచ్చినట్టుండాలె. ఎన్ని దొరికితె అన్ని. చేను సుట్టు కడ్తం."

"సారు ఒప్పుకున్నడా?"

"మాట్లాడుతలేడు. ఆ తీగ చుట్ట మాత్రం దుకాణపోనికి వాపసు ఇచ్చిండు."

శంకరవ్వ ఫోను పెట్టేసి అక్కడే కుట్టుమిషను బల్ల మీద కూర్చుండిపోయింది. ఆ తర్వాత కార్మికుల క్వార్టర్ల వెంట ఇల్లిల్లూ తిరిగింది. ఎందుకని అడిగినవాళ్లకు విప్పి చెప్పింది. రెండు గోనెసంచుల చీరలు పోగయ్యాయి. పెళ్లినాటి చీర ఇచ్చిన ముసలమ్మ కూడా ఉంది. వాటిని మూడు నాలుగేసి కలిపి పొడుగ్గా కుట్టి, మడతపెట్టి బస్సులో వేసి పంపింది.

చీరల కంచె కొన్నాళ్లు పనిచేసింది. గాలికి రెపరెపలాడే రంగులు, మనిషి వాసన చూసి పందులు అటు రాలేదు. తర్వాత అలవాటు పడ్డాయి. ఒకచోట చీరను చింపుకుని లోపలికి వచ్చాయి. వంశీధర్‌రావు మంచె వేయించి, డబ్బాలు మోగించే మనుషుల్ని పెట్టాడు. ఎంత చేసినా సగం చేను పోయింది.

మక్కలు అమ్మాక ఆయన షెడ్డుకు వచ్చాడు. అంతకుముందు వదిలేసిన చువ్వలు మూలన అలాగే ఉన్నాయి. వాటిని చూసి, శంకరవ్వ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నష్టపోయిన శంకరవ్వా. నీ మాట ఇన్నందుకు నష్టపోయిన."

"తెలుసు సార్. సరళమ్మ చెప్పింది."

"నీ మీద కోపముండె. ఇప్పటికి జర ఉన్నది."

"ఉండనియ్యుండ్రి. నేను తీర్చేటిది కాదది." కొంచెం ఆగి అడిగింది: "వచ్చే సాలు ఏం పెడ్తరు?"

"పత్తి పెడ్త. పందులు ముట్టయి. పత్తి ఏరెటోళ్లు దొరికితె." ఆయన లేచి, మూలనున్న చువ్వల వైపు చెయ్యి చూపాడు. "అవి ఎవలకన్న కావాలంటె ఇచ్చెయ్యి. నిజం పందిరికే."

ఆయన ఆ తర్వాత కూడా వస్తూ పోతూనే ఉన్నాడు. సరళాదేవి ఒకటి రెండుసార్లు వచ్చి కుట్టుమిషను మీద పనిచేసుకుని పోయింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. మరుసటి చలికాలం, పేపరు చూడటం మానేసిన ఎన్నో నెలలకు, శ్యాంసుందరే పేపరు తెచ్చి శంకరవ్వ చేతిలో పెట్టాడు. భైంసా వైపు ఒక పల్లెలో చేనుకు పోయిన మనిషి కరెంటు తీగ తగిలి చనిపోయాడు. ఎవరి చేనో, ఆ కట్టెలు ఎవరు చేసిచ్చారో పేపర్లో లేదు. వాళ్లు షెడ్డు పేరు కూడా విని ఉండరు.

"మనం ఎంతమందిని ఆపుతం శంకరవ్వా" అన్నాడు శ్యాంసుందర్.

ఆమె పేపర్లోని ఊరి పేరు కూడబలుక్కుని చదువుకుంది. మర్నాడు షెడ్డు తాళం ఆయన చేతికిచ్చి పొద్దున బస్సు ఎక్కింది. రెండు బస్సులు మారి, దారి అడుగుతూ ఆ ఇల్లు పట్టుకుంది. వాకిట్లో టెంటు ఇంకా విప్పలేదు. గోడకు ఆనుకుని ఒక పడుచు, చనిపోయినవాడి భార్య, కూర్చుని ఉంది. చంటిపిల్ల ఆమె ఒళ్లో నిద్రపోతోంది. చుట్టూ ఉన్నవాళ్లు పెద్దగొంతుతో కేసు గురించి, రాజీ గురించి మాట్లాడుకుంటున్నారు. ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు.

శంకరవ్వ పోయి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. ఆ పడుచు తలెత్తి చూసింది.

"నువ్వెవలు?"

"మందమర్రి బిడ్డా. మీకు సుట్టాన్ని కాదు."

"ఏం కావాలె?"

"ఏం వద్దు. జరసేపు కూసుంట నీ దగ్గర."

ఆ పడుచు ఇంకేమీ అడగలేదు. కాసేపటికి చేతులు నొప్పి పెట్టినట్టు పిల్లను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చబోతే, శంకరవ్వ చేతులు చాచింది. ఆమె పిల్లను ఇచ్చి, మోకాళ్ల మీద తల పెట్టుకుని, పొద్దుటినుంచి మొదటిసారి గట్టిగా ఏడ్చింది.